పటం ఎవరిది?

హాలండు దేశపు చిత్రకారుడు సాలమన్ వాన్ రైస్‌డాల్ 1649లో ఒక నదీ దృశ్యాన్ని చిత్రించినాడు. అందులో గొప్ప సంఘటన ఏదీ లేదు. నిదానంగా పారే ఏరు, ఒడ్డున గుబురు చెట్లు, మనుషులతో నిండిన రేవు పడవ, వీటన్నిటికి పైన విశాలమైన ఆకాశం. ధర్మపురి రేవున గోదావరిని చూచినవారికి ఆ దృశ్యం పరాయిదనిపించదు. నేడా చిత్రం అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్నది. అక్కడికి అది చేరిన దారి మాత్రం చిత్రమంత ప్రశాంతమైనది కాదు.

ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జాక్ గౌడ్‌స్టికర్ అనే యూదు వర్తకుడు ఉండేవాడు. పాత చిత్రాల వ్యాపారంలో ఆ దేశాన అతనిని మించినవారు లేరన్నంత ప్రసిద్ధి. 1940 మే నెలలో జర్మనీ సేనలు హాలండును ఆక్రమించగా, భార్యను, పసిబిడ్డను వెంటబెట్టుకొని ఓడ ఎక్కినాడు. చీకటిలో ఓడ అడుగుభాగంలోకి జారిపడి మరణించినాడు. అతడు విడిచిపోయిన దుకాణం నాజీ నాయకుడు గోరింగ్, అతని అనుచరుల చేతికి చిక్కినది. కాగితాల మీద అదంతా అమ్మకమే. ధర కట్టినారు, సంతకాలు జరిగినవి. యుద్ధం ముగిసిన తర్వాత దొరికిన చిత్రాలు హాలండు ప్రభుత్వం వద్దకు చేరి, దశాబ్దాల పాటు మ్యూజియం గోడల మీద ప్రభుత్వపు సొత్తుగానే వెలిగినవి. వారసుల పోరాటం ఫలించి 202 చిత్రాలు తిరిగి వారి చేతికి వచ్చినది 2006లో. వాటిలో ఈ రేవు దృశ్యం ఒకటి. మరుసటి ఏడు వాషింగ్టన్ గ్యాలరీ దానిని వారసుల వద్ద కొన్నది.

మూడు తరాలు గడచిన తర్వాత ఈ చిత్రాలు తమవేనని వారు ఎట్లు నిరూపించగలిగినారు? మరణించిన నాడు గౌడ్‌స్టికర్ వద్ద ఒక చిన్న నల్ల అట్ట పుస్తకం ఉన్నది. అందులో 1,113 చిత్రాల వివరాలు వరుసగా రాసి ఉన్నవి. భార్య దానిని భద్రపరచుకొన్నది. న్యాయం జరగడానికి అరవై ఆరేండ్లు పట్టినది. కాని ఆ పుస్తకమే లేకపోతే న్యాయం అడగడానికి కూడ ఆధారం ఉండేది కాదు.

పరదేశపు వ్యవహారం కరీంనగరం, ఆదిలాబాదు పాఠకులకు ఎందుకని ఎవరైనా అడుగవచ్చు. హాలండు వారు మనకు మరీ కొత్తవారు కారు. 1605లోనే మచిలీపట్నం రేవుకు వచ్చి కోఠీ పెట్టుకొన్నారు. మనవాళ్లు వారిని ఒలందావారన్నారు. ఆ పట్టణంలో వలందపాలెం నేటికీ ఉన్నది. వారు వచ్చినది ముఖ్యంగా తెలుగు సాలెల బట్టకోసం. అదే శతాబ్దంలో ఇటు తెలంగాణంలో, సాలెలు నేసిన బట్ట మీదనే సాలెల కుల పురాణాన్ని రంగులలో రాసిన పటాలు వెలసినవి. మనకు తెలిసినంతలో అతి పురాతనమైన పటం 1625 నాటిదని పరిశోధకులు చెప్పుచున్నారు. అనగా రైస్‌డాల్ తన రేవు పడవను గీయడానికి ఇరవై నాలుగు ఏండ్ల ముందే మన నకాషీలు కుంచె పట్టి ఉన్నారన్నమాట. ఆ దృశ్యం ఎవరెవరి చేతులు మారినదో ఏండ్లతో సహా చెప్పగల లోకం, మన పటాల సంగతి అడిగితే సామాన్యంగా రెండే ముక్కలు చెప్పును: తెలంగాణ, ఫలానా శతాబ్దం.

పటమంటే ఏమో సిరిసిల్ల, జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. పట్టణాల విద్యార్థులకోసం కొంత చెప్పవలసి ఉన్నది. సుమారు 3 అడుగుల వెడల్పు, 30 మొదలు 60 అడుగుల వరకు పొడవు గల ముతక నూలు బట్ట. దానికి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంకనీరు కలిపి పూతమీద పూత పూసి ఎండబెడతారు. బట్ట అట్టవలె బిగిసిన తర్వాత రంగులు. ఇంగిలీకపు ఎరుపు, అర్దళపు పసుపు, నీలిమందు, దీపపు మసి నలుపు, శంఖపు పొడి తెలుపు. నేపథ్యమంతా ఎరుపు. నడుమ పూలతీగల అంచులు గీసి, కథను అరలు అరలుగా పైనుండి కిందికి నడిపిస్తారు. ఈ పని చేసేవారు నకాషీలు. వారి పూర్వులు మన వేములవాడ వారే అని ఒక మాట ఉన్నది; ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల ఊరి పేరే ఈ విద్యకు నిలిచినది.

రాసేవారు నకాషీలైనా చెప్పేవారు వేరు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, ఈ విధంగా ఒక్కొక్క కులానికి దాని పురాణం వినిపించే ఆశ్రిత కులం ఒకటి కలదు. గొల్లలకు కథ చెప్పే మందహెచ్చులవారికి పటానికి బదులు బొమ్మలుంటవి. ఊరి నడుమ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క అరనే పుల్లతో చూపుచు, పాటతో వచనంతో కొన్ని రాత్రుల పాటు కథ నడుపుతారు. కూనపులివారు చెప్పేది మార్కండేయుని కుమారుడైన భావనారుషి కథ. విష్ణువు నాభికమలపు తూడుల నుండి నూలు తీసి దేవతలకు వస్త్రం నేసినవాడు, సూర్యుని బిడ్డ భద్రావతిని పెండ్లాడినవాడు, పులిని లొంగదీసుకొన్నవాడు, కాలవాసురుని సంహరించినవాడు ఆయన. పగలంతా మగ్గపు గుంటలో కూర్చున్న మనిషి, రాత్రి ఆ దీపపు వెలుతురులో తన పని దేవతల మానం కాపాడిన పని అని వినేవాడు. ఆ మాట విలువ ఎంతటిదో కులాన్ని బట్టి మనిషికి వెలకట్టిన సమాజంలో పుట్టినవారికే తెలియును. చదువు, పుస్తకం అందని ఇండ్లకు ఇదే చరిత్ర, ఇదే సాహిత్యం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పటం ఎవరిది?

నిర్మల చిత్రాన్ని గురించి ఈ ప్రశ్న పుట్టదు. నిర్మలలో నకాషీ రాసిన బొమ్మను డబ్బిచ్చి కొన్నవాడు తీసుకొనిపోతాడు. హైదరాబాదు భవనాలకు అట్లే చేరినవి. హాలండు చిత్రమూ అంతే. అది ఇంటి గోడకు గీసినది, బజారులో అమ్మినది. పటానికి ఆ లెక్క పనిచేయదు. గీతలు నకాషీవి. ఖర్చు కథకులది, అయితే ఆ డబ్బు వారు పోషకుల ఊళ్లలో పోగుచేసిన కట్నాలే. కథ పద్మశాలీలది, కాని వారు దానిని తమ ఇంట ఉంచుకోరు, తాము చెప్పుకోరు. చుట్టిన పటం కూనపులివారి ఇంటనే, పూజలు అందుకొంటూ ఉంటుంది. ఇందరి చేయి పడిన వస్తువుకు ఒక్క యజమానిని వెదకడమే తప్పేమో.

అయినంత మాత్రాన హక్కు లేదనుకోరాదు. హక్కు ఉన్నది, బహు కట్టుదిట్టంగా ఉన్నది. కాని అది బట్ట మీద కాక ఊళ్ల మీద ఉన్నది. ఏ కథకుల కుటుంబం ఏ ఏ గ్రామాలలో పటం విప్పవలెనో తరతరాలుగా నిర్ణయమై ఉన్నది. వాటిని మిరాశి ఊళ్లంటారు. ఒకరి ఊరిలో మరొకరు విప్పితే పంచాయితీయే. అన్నదమ్ములు వేరుపడితే చెలకలు పంచుకొన్నట్లు ఊళ్లు పంచుకొన్నారు. అవసరం పడినప్పుడు తమలో తామే ఊళ్లను కుదువ పెట్టుకొన్న సందర్భాలు కూడ కలవు. రైస్‌డాల్ చిత్రానికి యజమానుల పేర్లు ఎట్లో, పటానికి ఊళ్ల పేర్లు అట్లు. పుట్టినప్పటి నుండి అది ఏ ఊళ్లలో తెరచుకొన్నది, ఏ వాడలో ఎవరి ముందు నిలిచినది అన్నదే దాని చరిత్ర. ఆ చరిత్ర రాసిన నల్ల పుస్తకం లేదు. ముసలి కథకుల నోట ఉన్నది.

ఇంకొక భేదమున్నది. మా దృష్టిలో ఇదే అన్నిటికంటె పెద్దది. హాలండు చిత్రకారుడు తన బొమ్మ నిలిచి ఉండవలెనని గీసినాడు. మన పటం నిలిచి ఉండడానికి పుట్టినది కాదు. ఏండ్ల తరబడి విప్పి చుట్టి, ఎండకు వానకు ఓర్చి, మడతలు విరిగి రంగు రాలిన తర్వాత నకాషీ చేత కొత్త పటం రాయించి, దానికి పూజ చేసి, పాతదానిని చనిపోయిన పెద్దను సాగనంపినట్లు నదిలో కలపడం ఆచారం. దేహం మారును, కథ మారదు. కాబట్టి పాత పటం గాజు పెట్టెలో కనిపించినప్పుడల్లా మనకొక సంగతి తట్టవలెను. అది నదికి చేరవలసిన దారిలో ఎక్కడనో ఆగిపోయినది. ఎందుకు ఆగినది, ఎవరు ఆపినారు?

ఆపినవారందరూ దుర్మార్గులని చెప్పడం మా ఉద్దేశం కాదు. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్ దంపతులు ఈ పటాల విలువను మనవారికంటె ముందుగా గుర్తించి సేకరించి, 1976లో తమ సేకరణనంతా ప్రజల కోసం మ్యూజియంగా నెలకొల్పినారు. వారు పూనుకోకపోతే ఎన్నో పటాలు ఏ అటక మీదనో చెదలకు ఆహారమై ఉండేవి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కూడ తెలంగాణపు పటం కలదు. అక్కడి పండితులు దానిని అర అరగా చదివి, వివరించి, గ్రంథానికి ఎక్కించినారు. ఆ శ్రద్ధకు కృతజ్ఞత చెప్పవలసిందే. నదిలో కలిసి ఉంటే దాని గీత ఎట్టిదో మనం ఎరిగి ఉండేవారమా?

అయినా అమ్మినవాని సంగతి మరువరాదు. సిరిసిల్లలో చేతిమగ్గం స్థానాన మరమగ్గం వచ్చినది. బతుకుతెరువు వెదుక్కొంటూ వేల కుటుంబాలు షోలాపూరుకు, భివండికి, సూరత్‌కు తరలిపోయినవి. ఊరిలో సాలెవాడ ఖాళీ అయితే కూనపులివాని మిరాశి కూడ ఖాళీ అయినట్లే. మిగిలినవారికి సినిమా వచ్చినది, తర్వాత టెలివిజన్ వచ్చినది. రెండు మూడు రాత్రులు కూర్చుండి వినే తీరిక పోయినది. కట్నాలు తగ్గినవి. కథకుని కొడుకు కూలికి పోయినాడు. కొత్త పటం రాయించే శక్తి లేదు. పాతది నదిలో కలిపితే చేతిలో మరొకటి ఉండదు. అటువంటి వేళ ఎవరో వచ్చి నాలుగు నోట్లు చూపినప్పుడు జరిగిన అమ్మకాన్ని ఇష్టపూర్వకమైనదనడానికి మాకు నోరు రాదు. గోరింగ్ బలవంతానికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ తుపాకి లేదు. ఆకలి ఉన్నది. ఆకలి చేయించిన సంతకం ఏ చట్టంలోను చెల్లని సంతకం కాదు. అంతమాత్రాన, అమ్మినవాని పేరు, ఊరు కొన్నవాని దస్త్రంలో లేకపోవడానికి అది సమాధానమూ కాదు.

చట్టం ఏమంటున్నదో ఉపాధ్యాయులు తెలిసికొని ఉండడం మంచిది. 1972లో పార్లమెంటు చేసిన పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో ఉన్నది. నూరేండ్లు దాటిన చిత్రం పురావస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. దగ్గర ఉంచుకొన్నవారు ప్రభుత్వపు రిజిస్టరింగు అధికారి వద్ద నమోదు చేయించవలెను. మరొకరికి బదిలీ చేస్తే ఆ సంగతి తెలియజేయవలెను. నిబంధనలు బాగానే ఉన్నవి. పటాన్ని దేవుడుగా ఇంట నిలుపుకొన్న కథకునికి ఈ సంగతి ఎవరు చెప్పినారు? నూరేండ్ల నాటి పటం తన ఇంట ఉన్నదని, అది నమోదు చేయవలసిన వస్తువని తెలియక ఉన్నవానికి, అది ఎంత విలువైనదో మాత్రం దళారి వచ్చి చెప్పిపోతున్నాడు.

పోయినవన్నీ తిరిగి రావలెనని కొందరు మిత్రులు ఆవేశపడతారు. మేము ఆ పక్షాన లేము. తిరిగి వచ్చి ఎక్కడికి పోవలెను? ధూళికట్ట స్తూపపు నాగశిల్పానికి కరీంనగరం మ్యూజియంలో చోటు దొరికినది, అది రాయి కాబట్టి ఓర్చుకొన్నది. చింతగింజల పిండి పూసిన బట్టకు పురుగు శత్రువు, తేమ శత్రువు. దానిని కాపాడే ఏర్పాటు చేయకుండ తెమ్మనడం అభిమానమే గాని ఆలోచన కాదు. మేము అడిగేది అంతకంటె తక్కువ, ఒక విధంగా అంతకంటె ఎక్కువ. పటం ఉన్న ప్రతి మ్యూజియం అది ఏ కుటుంబం నుండి, ఏ ఊరి నుండి, ఏ సంవత్సరం, ఎవరి ద్వారా వచ్చినదో తన వద్ద ఉన్నంతవరకు బయట పెట్టవలెను. అన్ని అరల ఛాయాచిత్రాలు కథకుల కుటుంబానికి, ఆ ఊరి పద్మశాలి సంఘానికి ఇవ్వవలెను. కథ ఎవరిదో వారికి చిత్రం చూచే హక్కయినా ఉండవద్దా?

మన ప్రాంతంలోనే దీనికి భిన్నంగా నడచిన ఉదంతం ఒకటి కలదు. ఆదిలాబాదు మన్యంలో నార్నూరు దగ్గర గుంజాల అనే గోండు గూడెం. అక్కడ గోండీ భాషను దాని సొంత లిపిలో రాసిన పాత పుస్తకాలు పది పన్నెండు బయటపడినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయం తరపున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చినది. ఆ లిపిని చదువగల పెద్దలు కొద్దిమంది ఊరిలోనే ఉన్నారు. పండితులు పుస్తకాలను మాత్రమే పట్టుకొనిపోయి ఉంటే అవి ఏదో బీరువాలో అర్థం కాని గీతలుగా మిగిలేవి. ఆ పెద్దల వద్ద లిపిని నేర్చుకొన్నారు. 2014లో అచ్చుకు అక్షరాలు సిద్ధమైనవి, పిల్లలకు పాఠాలు మొదలైనవి, 2018లో ప్రపంచ కంప్యూటర్ లిపుల పట్టికలో గుంజాల గోండీకి చోటు దక్కినది. వస్తువు, దానిని చదివే మనిషి, అది పుట్టిన ఊరు, ఈ మూడింటిని విడదీయలేదు గనుకనే ఆ పని సాగినది. పటం విషయంలో మూడూ విడిపోయినవి. బట్ట ఒక నగరంలో, కథకుని మనుమడు ఒక నగరంలో, వినవలసినవారు ఇంకొక నగరంలో.

చేర్యాలలో నకాషీ కుటుంబాలు కొన్ని ఇప్పటికీ కుంచె విడువలేదు. అయితే వారికి వచ్చే గిరాకీ పట్టణపు ఇంటి గోడకు సరిపడే చిన్న పలకలకు, ముసుగు బొమ్మలకు. అరవై అడుగుల పటం రాయించే కథకులు అరుదు. విద్య బతికినందుకు సంతోషించవలెను. కాని పల్లెల మిరాశి మీద బతికిన పటం వేరు, అంగడి మీద బతికే బొమ్మ వేరు. అంగడి బొమ్మకు రేపు హాలండు చిత్రానికి వలెనే కొన్నవాని రసీదు దొరుకును. నాటి పటానికి ఆ రసీదు ఎన్నడూ లేదు.

పాఠశాలలలో పనిచేసే మిత్రులకు ఇక్కడ చేయి కలిపే వీలున్నది. సిరిసిల్ల, జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల, ఎక్కడైనా సరే, తమ తరగతిలో కూనపులి, కాకిపడగల, డక్కలి కుటుంబాల పిల్లలు ఉండవచ్చు. ఆ ఇంటిపెద్దను బడికి గౌరవంగా పిలిచి, ఒక పూట కథ చెప్పించవచ్చు. ఆ పిల్లవాని ముందు తోటి పిల్లలు అతని తాతకు చప్పట్లు కొట్టడం చిన్న సంగతి కాదు. తర్వాత పెద్ద తరగతుల విద్యార్థులు పెద్దాయన అనుమతితో ఒక నోటుబుక్కులో కొన్ని వివరాలు రాసుకోవచ్చు. అవి ఆ కుటుంబం వద్దనే ఒక ప్రతి, బడిలో ఒక ప్రతి ఉండవలెను. పటం ఎక్కడున్నదో, ఎంత పాతదో తెలిపే మాటలు మాత్రం బయట ప్రకటించరాదు, దళారులకు దారి చూపినట్లు కాగలదు.

అడుగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. మీ మిరాశి ఊళ్లు ఏవి, ఏ వరుసన తిరిగేవారు, ఏ ఊరిలో ఎన్ని రాత్రులు? పంపకాలలో ఏ ఊళ్లు ఎవరికి పోయినవి? పటం రాసిన నకాషీ ఎవరు, ఏ ఊరివాడు, అప్పుడు ఎంత ఇచ్చినారు? దానికి ముందు ఉన్న పటం చివరిసారి ఎక్కడ విప్పినారు? దానిని ఏ రేవులో, ఎవరి చేతుల మీదుగా నీళ్లలో విడిచినారు, లేక ఎవరికి ఇచ్చినారు?